గడగడా చదివిన పిల్ల

రండి, దగ్గరికి జరగండి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి ఈ చాప మీద సర్దుకోండి. అరుగు అంచున కూర్చోకు నాయనా, పడతావు. పలకలు పక్కన పెట్టేయండి, ఇప్పుడు రాసే పనేమీ లేదు. మిమ్మల్ని పిలుచుకుపోవడానికి అమ్మో నాన్నో వచ్చి ఉంటే వాళ్ళనూ కూర్చోమనండి, ఈ కథ వాళ్ళు కూడా వినాలి. మొన్న చెప్పిన కథలాగా ఇందులో నవ్వుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా చివరిదాకా కదలకుండా వినండి.

నల్లదిన్నె అనే ఊళ్ళో మద్దిలేటి అనే రైతు ఉండేవాడు. కూతురి చదువంటే అతనికి ప్రాణం, కానీ ఆ చదువు ఒక్క చోట తడబడినా ఓర్చుకునేవాడు కాదు.

మద్దిలేటికి అక్షరం ముక్క రాదు. ఎక్కడ సంతకం అడిగినా వేలిముద్ర వేసి, ఆ సిరా మరకను తల వెంట్రుకలకు తుడుచుకునేవాడు. ఊళ్ళో కుర్రవాళ్ళు అతన్ని ‘నిశానీ మామ’ అని పిలిచేవాళ్ళు. అతను పైకి నవ్వేసేవాడు గానీ ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకునేది. కూతురు పుట్టినప్పుడు ఇంటి పెద్దల పేర్లన్నీ పక్కన పెట్టి, ఎప్పుడో సంతలో చూసిన ఒక టీచరమ్మ పేరు పెట్టుకున్నాడు. అలా ఆ పిల్ల సులోచన అయింది.

ఇంట్లో వాళ్ళిద్దరూ కాక మద్దిలేటి భార్య సుంకమ్మ, తల్లి తిమ్మక్క ఉండేవాళ్ళు. తిమ్మక్కను సులోచన ‘జేజీ’ అని పిలిచేది. ఆ వైపు నాయనమ్మను అలాగే పిలుస్తారు.

సుంకమ్మ చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుంటే ఏదైనా చదవగలిగేది. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేసేటప్పుడు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకునేది. పీట మీద జొన్నపిండి పలచగా పరిచి, వేలితో ‘ల’ అని రాసి, ‘ఇది మనింట్లో ఇంకెక్కడుందో వెతుకు’ అనేది. పిల్ల లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరకు పోయేది, అగ్గిపెట్టె తిప్పి చూసేది, సబ్బు కాగితం విప్పి చూసేది. దొరికితే ఎగిరి గంతేసేది. దొరక్కపోతే, ‘లేదులే, రేపు కనిపిస్తుంది’ అనేది సుంకమ్మ. అలా అక్షరం వెంట అక్షరం, నిదానంగా, పిల్లకు పట్టుబడుతూ ఉండేది.

ఇంతలో ఇంకొకటి జరిగింది. ఎదురింటికి చుట్టపుచూపుగా వచ్చిన, పెద్ద తరగతి చదివే ఆడపిల్ల ఒకతి సాయంత్రాలు వచ్చి, సులోచన ఒకటో తరగతి పుస్తకాన్ని సరదాకి పైకి చదివి వినిపించేది. సులోచనకు చెవి మంచిది. కొన్నాళ్ళు వినేసరికి పుస్తకమంతా నోటికొచ్చేసింది. ఒకరోజు ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా గడగడా చెప్పేసింది. అప్పుడే చేను నుంచి వచ్చిన మద్దిలేటి, భుజం మీది నాగలి దించకుండా వాకిట్లోనే నిలబడిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరుగుపొరుగును పిలిచాడు. మళ్ళీ చదవమన్నాడు. పిల్ల మళ్ళీ చెప్పింది. ఇంత బెల్లంముక్క తెచ్చి నోట్లో పెట్టాడు.

అప్పటినుంచి ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్ళు, తర్వాత సులోచన చదువు. వచ్చినవాళ్ళు ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. ‘నా మనవరాలు చదువుతుంటే రేకుల మీద వడగళ్ళు పడినట్టుంటాది’ అని మురిసిపోయేది తిమ్మక్క. పక్కింటి దస్తగిరి మాత్రం, ఇంత వేగంగా చదివితే అర్థం ఎనకబడి పోతాదేమో చూసుకోమని ఎగతాళి చేసేవాడు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

సుంకమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. పిల్ల చెయ్యి కాగితం తిప్పకముందే పిల్ల నోరు తర్వాతి పేజీలోకి పోతోంది. ఒక సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టి, పాఠం నడుమ ఒక మాట కింద వేలు పెట్టి, ఇది చదువు అంది. సులోచన పాఠం మొదటికి పోయి, అక్కడినుంచి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుంటూ ఆ మాట దాకా వచ్చింది. సుంకమ్మ పై వరుసలన్నీ అరచేత్తో మూసింది. ఇప్పుడు ఇదొక్కటే చదవమంది. పిల్ల ముఖం ఎర్రబడింది. వేలు అక్షరం మీద పెట్టి, ‘వ... వ... న...’ అంటూ ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మద్దిలేటి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

“ఏమైంది దీనికి? నిన్న గుర్రం మాదిరి పరిగెత్తింది గదా?” అన్నాడు.

“అది చదవడం కాదయ్యా. విన్నది అప్పజెబుతాంది. అక్షరాలు ఇంకా కుదరలేదు. కొన్నాళ్ళు ఇట్లా ఆగి ఆగి చదవనీ, దానంతట అదే వస్తాది” అంది సుంకమ్మ.

“నువ్వు చదివింది మూడో తరగతి. నీ నత్తి చదువు దానికి అంటించొద్దు. మళ్ళీ ఎప్పుడైనా ఆ పిండిలో గీతలు గీయించినావంటే నేను ఊరుకోను.”

సుంకమ్మ ఇంకేదో అనబోయింది. మద్దిలేటి వినలేదు. పిల్ల వైపు కూడా చూడకుండా నాలుక చప్పరించి, లేచి బయటికి వెళ్ళిపోయాడు.

చిన్నపిల్లలకు పెద్దల మాటలకంటే ముఖాలు బాగా అర్థమవుతాయి. సులోచనకూ అర్థమైంది. తను ఆగితే నాయన లేచి వెళ్ళిపోతాడు. ఆగకుండా ఏదో ఒకటి గట్టిగా చెప్పేస్తే తల నిమురుతాడు, అది తప్పో ఒప్పో అతనికి తెలియదు. అప్పటినుంచి ఆ పిల్ల తెలియని మాట వస్తే బొమ్మ చూసేది. బొమ్మలో ఆవు ఉంటే ఆవు పాఠం, చెట్టు ఉంటే చెట్టు పాఠం చెప్పేసేది. క్యాలెండర్ దగ్గరకు పోయి అక్షరాలు వెతకడం మానేసింది.

ఆ ఊరి బడిపంతులు ఒకసారి ఇంటికి వచ్చి, పిల్లకు జ్ఞాపకశక్తి బాగుంది గానీ చదవడం ఇంకా రాలేదనీ, రోజూ కాసేపు ఎవరైనా పక్కన కూర్చుని తొందరపెట్టకుండా చదివించాలనీ చెప్పాడు. మద్దిలేటి ఆయనకు మజ్జిగ ఇచ్చాడు. అంతా విన్నాడు. బళ్ళో సంగతి మీరు చూసుకోండి సార్, ఇంట్లో సంగతి నేను చూసుకుంటానని మర్యాదగానే చెప్పి పంపించాడు.

ఇక ఆ ఊరి విత్తనం సంగతి చెప్పాలి, వినండి.

నల్లదిన్నెది నల్లరేగడి నేల. హస్త కార్తె వానలకు అక్కడ జొన్న విత్తుతారు. ఎద్దులు గొర్రు లాగుతుంటే, దాని పక్కనే ఒక ఆడమనిషి నడుస్తూ, గొర్రు మీద ఉండే కొయ్యగిన్నెలో గింజలు వేస్తుంది. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. గింజలు అందులోంచి వెదురు గొట్టాల గుండా సాలులోకి జారుతాయి. పిడికిలి కాస్త వదులైతే మొలకలు గుంపులవుతాయి, బిగిస్తే సాలు ఖాళీ అవుతుంది. ఊరు మొత్తంలో తిమ్మక్క చెయ్యంత నికరమైన చెయ్యి ఇంకొకరికి లేదు.

విత్తడం ముగిసి గొర్రు పైకెత్తాక, మిగిలిన గింజను దాచిపెట్టకూడదని అక్కడివాళ్ళ నమ్మకం. దాన్ని విసుర్రాయిలో పిండి పట్టి రొట్టెలు చేసి, చేలో పని చేసినవాళ్ళంతా పంచుకుని తింటారు. ముందుగా జడ్డిగంలో గింజ వేసిన మనిషి తినాలి. ఆమె తినేదాకా మిగతావాళ్ళు ముట్టరు.

ఎప్పుడూ ఆ ఊళ్ళో విత్తనం ఇంటిదే. బూడిద కలిపి, వేపాకు వేసి గంపల్లో దాచుకునేవాళ్ళు. కానీ అంతకుముందు ఏడాది వానలు లేక, దాచిన గింజ కూడా తినేశారు. అందుకని ఆ ఏడు దస్తగిరి ట్రాక్టరు మీద పట్నం పోయి, ఊరందరికీ విత్తనం సంచులు తెచ్చాడు. సంచి విప్పితే గింజలు ఎర్రగా ఉన్నాయి.

“ఏందిరా ఇది, పెండ్లికూతురికి పూసినట్టు రంగు పూసినారు?” అంది తిమ్మక్క. అందరూ నవ్వారు.

అది రంగు కాదు పిల్లలూ. పురుగు పట్టకుండా గింజలకు పట్టించిన విషపు మందు. గింజకు మందు పట్టించి అమ్మడం ఆ ఊరివాళ్ళు ఎన్నడూ చూడలేదు. తినకూడదని సంచి మీద పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది.

విత్తడం ముగిసింది. సంచి అడుగున కాసిని గింజలు మిగిలాయి. తిమ్మక్క వాటిని తొట్టిలో పోసి కడిగింది. నీళ్ళు ఎర్రబడ్డాయి, గింజ తెల్లబడింది. రంగు పోయింది గానీ విషం గింజలోనే ఉండిపోయింది. ఎండలో ఆరబోసింది. అప్పటికి సుంకమ్మ ఊళ్ళో లేదు. తమ్ముడి భార్యకు కాన్పయితే పుట్టింటికి పోయింది.

మర్నాడు పిండి విసరడానికి తిమ్మక్క విసుర్రాయి ముందు కూర్చుంది. విత్తడానికి వచ్చినవాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. దస్తగిరి ఖాళీ సంచి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతనికీ చదువు రాదు, వాకిట్లో ఉన్న మిగతావాళ్ళకూ రాదు.

“ఎందుకైనా మంచిది మద్దిలేటీ, దీని మీద ఏమో రాసినారు. సుంకమ్మ వచ్చినాక చదివించి తిందాంలే” అన్నాడు.

మద్దిలేటికి ఆ మాట తగలకూడని చోట తగిలింది. “సుంకమ్మ ఎందుకు? నా కూతురు లేదా?” అని సులోచనను పిలిచాడు.

సులోచన వచ్చింది. సంచి చేతికిచ్చారు. వాకిట్లో అందరూ మాట్లాడటం ఆపి ఆ పిల్ల వైపు చూశారు. తిమ్మక్క కూడా రాయి తిప్పడం ఆపి, చెవి ఇటు పెట్టింది. ఆ సంచి మీద ఏముందో ఆ పిల్ల చెప్పే మాట మీద ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నవాళ్ళందరి ప్రాణాలూ ఉన్నాయి. ఆ సంగతి ఒక్కరికీ తెలియదు.

పిల్ల అక్షరాల వైపు చూసింది. ఒకటి రెండు తెలిసినవి ఉన్నాయి. మిగతావి తెలియవు. తల ఎత్తి నాయన ముఖం చూసింది. మద్దిలేటి కాలి మీద కాలు వేసుకుని మీసం సవరించుకుంటున్నాడు. పిల్ల మళ్ళీ సంచి చూసింది. అక్షరాల పైన జొన్నకంకి బొమ్మ ఉంది. తన పుస్తకంలో జొన్నల పాఠం మీదా అచ్చం అలాంటి బొమ్మే ఉంది. ఇక ఆ పిల్ల ఆగలేదు.

“జొన్నలు మనకు బలమైన తిండి. జొన్నరొట్టె రుచిగా ఉంటుంది. పిల్లలు, పెద్దలు అందరూ జొన్నరొట్టె తినాలి” అని గంట కొట్టినట్టు చెప్పేసింది.

“విన్నావా దస్తగిరీ?” అన్నాడు మద్దిలేటి.

దస్తగిరి సంచి మడిచి కింద పెట్టాడు. తిమ్మక్క రాయి మళ్ళీ తిరిగింది.

రొట్టెలు కాలాయి. ఆనవాయితీ ప్రకారం మొదటి రొట్టె తిమ్మక్క చేతికిచ్చారు. ఆమె ఎర్రకారం అద్దుకుని ఆ రొట్టె తినేసింది. అందరూ తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. తిమ్మక్క రెండో రొట్టె తుంచి, చదివిన పిల్లకు ముందు పెట్టాలని సులోచనను దగ్గరికి పిలిచింది. ముక్క పిల్ల నోటి దాకా వచ్చింది. అక్కడ ఆమె చెయ్యి వణికింది. ముక్క జారి కింద పడింది. తిమ్మక్క తన చేతిని తనే వింతగా చూసుకుంది. సాలులో గింజ తప్పని చెయ్యి అది. తర్వాత నోటి వెంట చొంగ కారింది. ఒళ్ళంతా చెమట పట్టింది. కళ్ళు కనబడటం లేదంది. అలాగే పక్కకు ఒరిగిపోయింది.

ఎవరో రొట్టెల గంపను తన్ని దూరంగా పడేశారు. దస్తగిరి ట్రాక్టరు తెచ్చాడు. పోతూ పోతూ ఆ సంచిని కూడా వెంట తీసుకున్నాడు. మద్దిలేటి తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సులోచన ఎవరూ ఎక్కించకుండానే ట్రాక్టరు ఎక్కి, జేజి పాదాలు పట్టుకుంది.

పట్నంలో డాక్టరు, ఆమె ఏం తిన్నదని అడిగాడు. దస్తగిరి సంచి చూపించాడు. డాక్టరు దాన్ని వెలుతురులో పట్టుకుని పైకి చదివాడు.

“విత్తనానికి మాత్రమే. విషపు మందు పట్టించినది. మనుషులు గానీ పశువులు గానీ తినరాదు.” చదివి తలెత్తాడు. “ఇంత పెద్ద అక్షరాలు, ఎవరూ చూడలేదా?”

“చూసినాం సార్. చదివించినాం కూడా” అన్నాడు మద్దిలేటి.

డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. పొద్దు వాలకముందే తిమ్మక్క పోయింది.

ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని సులోచన కూర్చుని ఉంది. మద్దిలేటి వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. పిల్ల ముఖంలోకి చూస్తూ అడిగాడు.

“ఆ అక్షరాలు నీకు తెలీవా తల్లీ?”

“తెలీవు.”

“తెలీదని చెప్పొచ్చు గదమ్మా. ఒక్క మాట. తెలీదు నాయనా అంటే అయిపోయేది గదా.”

పిల్ల తల దించుకుంది. “నేను ఆగితే నువ్వు లేచి పోతావు గదా నాయనా” అంది.

మద్దిలేటి ఆ పిల్ల వైపు చూశాడు. భుజం మీది కండువాతో ముఖం కప్పుకున్నాడు.

కబురందుకుని సుంకమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. జరిగింది విని, భర్తను ఒక్క మాట అనలేదు. అంటే కాస్త తేలికగా ఉండేదేమో అతనికి. మర్నాడు తిమ్మక్కను మట్టిలో పెడుతున్నప్పుడు, గుంపులో ఒక ఆమె, జేజిని మింగిన పిల్ల అని గొణిగింది. మద్దిలేటి పార కింద పడేశాడు.

“పిల్లను అనొద్దు” అన్నాడు అందరూ వినేలా. “దాని నోట తెలీదనే మాట రాకుండా చేసింది నేను. మా అమ్మను చంపింది నేను.”

వంగి పార తీసుకుని మళ్ళీ మట్టి వేశాడు.

ఆ మాట అన్నంత మాత్రాన చెడింది బాగుపడలేదు. సులోచన పుస్తకం ముట్టడం మానేసింది. బళ్ళో పంతులు చదవమంటే పళ్ళు బిగించి నిలబడేది. మిగతా పిల్లలు ఆటల్లో కలుపుకునేవాళ్ళు కాదు. జొన్నరొట్టె ముందు పెడితే కంచం తోసేసేది. ఆ ఏడు ఆ చేలో జొన్న బాగా పండింది. సాలు సాలునా ఒక్క మొలక తప్పలేదు. కోతకు పోయినప్పుడు మద్దిలేటి గట్టు మీద కూర్చుని ఆ సాళ్ళనే చూస్తూ ఉండిపోయేవాడు.

సుంకమ్మ మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. మొదట్లో పిల్ల చూపు కూడా అటు తిప్పలేదు. సుంకమ్మ తనే పైకి చదువుకునేది, తడబడుతూ, ఆగుతూ, తప్పు చదివితే మళ్ళీ దిద్దుకుంటూ. మద్దిలేటి గడప దగ్గర కూర్చుని వినేవాడు. రోజులు గడిచాయి. నెలలు గడిచాయి. ఒక సాయంత్రం సులోచన వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఒక మాట కింద వేలు పెట్టింది. రెండు అక్షరాలు పలికింది. మూడోది రాలేదు. అలాగే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి నాయన వైపు చూసింది.

మద్దిలేటి కదల్లేదు.

“ఇది నాకు రాదు” అంది పిల్ల.

“రాకపోతే ఏం తల్లీ” అన్నాడు మద్దిలేటి. “తొందరేం లేదు. నేను ఈడనే ఉంటా.”

ఆ మాట అంటూ ఏడ్చాడు. అంతకుముందే ఆ మాట అని ఉంటే ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఉండేది.

సులోచన తర్వాత చదువుకుంది. అయితే పెద్దయ్యాక కూడా, పదిమందిలో పైకి చదవమంటే పుస్తకం పక్కన పెట్టి లేచి పోయేదట. ఆ ఊళ్ళో విత్తనపు గింజతో రొట్టెలు చేసుకోవడం ఆగిపోయింది.

అదీ కథ. ఎందుకు అలా బిక్కుబిక్కుమని చూస్తున్నారు? లేవండి, పొయ్యి మీద అన్నం ఉడికి ఉంటుంది, ఇంటికి పోయి తినండి. తిన్నాక మీ పుస్తకం తీసి అమ్మ దగ్గరో నాన్న దగ్గరో కూర్చోండి, రాని మాట వస్తే రాదని చెప్పండి. పెద్దవాళ్ళూ, మీరు కూడా లేచి వెళ్ళేముందు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: చదువు నేర్చుకునే బిడ్డకు కావలసింది మన మెప్పు కాదు, ఆగినచోట పక్కనే కూర్చుండే మన ఓపిక, ‘నాకు తెలియదు’ అని భయం లేకుండా చెప్పగలిగిన ఇంట్లోనే పిల్లలకు నిజమైన చదువు వస్తుంది.